ఇంటి వైరింగు, ఎంసీబీలు, ఎర్త్: శ్రీకాకుళం, విజయనగరం ఇళ్ళవారు తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా డాబా వేస్తున్నవారికీ, పాత ఇంటికి వైరింగు మార్పిస్తున్నవారికీ ఉపయోగపడేలా రాసిన జవాబులు ఇవి. మీటరు, దాని సీలు కరెంటు సంస్థవి, అంటే ఇక్కడ ఏపీఈపీడీసీఎల్ వారివి. వాటి జోలికి మనం పోకూడదు. మీటరు దాటాక గోడలో ఉన్న ప్రతి అంగుళం తీగా ఇంటివారి బాధ్యతే. ప్లాను వేసుకోవడం, సామాను సరిచూసుకోవడం, పనిని నిలదీసి అడగడం ఎవరైనా చెయ్యొచ్చు. డీబీ, అంటే ఎంసీబీలు (మోత ఎక్కువైతే వాటంతటవే పడే స్విచ్చులు) కూర్చునే పెట్టె, దాని మూత విప్పి లోపల చెయ్యి పెట్టే పని మాత్రం ప్రభుత్వ లైసెన్సు ఉన్న వైర్‌మన్‌దే.

ఎంసీబీ ఉంటే షాక్ కొట్టదు కదా?

కొడుతుంది. ఎంసీబీ కాపాడేది గోడలోని తీగని, మనిషిని కాదు. తీగ మోయగలిగినదానికన్నా ఎక్కువ కరెంటు పారితే తీగ కాలకముందే లైను తెంపడం దాని పని. మనిషి ప్రాణం పోవడానికి ఆంపియరులో పదోవంతు కూడా అక్కర్లేదు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు. మనిషిని కాపాడేవి రెండు: సరైన ఎర్తు (వస్తువుల రేకుని నేలకి కలిపే తీగ, గుంత), 30 మిల్లీఆంపియర్ల ఆర్సీసీబీ (కరెంటు పక్కదారి పడితే లైను తెంపే స్విచ్చు). కింద చాలా ప్రశ్నలకి జవాబు ఈ తేడా దగ్గరే ఉంది.

ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోంది. 16 తీసి 32 వేయించేస్తే గొడవ వదిలిపోతుంది కదా?

గొడవ వదలదు, కంటికి కనిపించకుండా గోడలోకి పోతుంది. పడే ఎంసీబీ చెప్పేది ఒక్కటే: ఆ తీగ మీద మోత ఎక్కువైంది, లేదా ఎక్కడో లోపం ఉంది. 32 వేస్తే 2.5 చదరపు మి.మీ. తీగలో 28 ఆంపియర్లు పారుతున్నా అది కిక్కురుమనదు. పైపు లోపల పీవీసీ తొడుగు మెత్తబడి, పెళుసెక్కి, ఏ వానాకాలంలోనో రెండు తీగలూ కలిసిపోతాయి.

ఎంసీబీ సైజు తీగని బట్టి ఉంటుంది, వస్తువుని బట్టి కాదు. గోడలో పైపులో వేసిన రాగి తీగకి, మన ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని, ఈ లెక్క దాటకండి:

1.5 చదరపు మి.మీ. తీగకి 6 ఆంపియర్లు, మరీ అవసరమైతే 10.
2.5 తీగకి 16.
4 తీగకి 20, పైపులో వేరే తీగలు లేకపోతే 25.
6 తీగకి 32.

కంపెనీ కాగితం మీద ఇంతకన్నా పెద్ద అంకెలు ఉంటాయి. అవి ఒంటరిగా ఉన్న తీగకి వేసిన లెక్కలు. ఒకే పైపులో మూడు నాలుగు సర్క్యూట్లు కుక్కి, ఆ పైపు మే నెల ఎండకి కాగే స్లాబులో ఉంటే ఆ అంకెలు పనికిరావు.

పాత ఇళ్ళలో, పాత మేస్త్రుల నోట ‘త్రీ బై ట్వెంటీ’, ‘సెవెన్ బై ట్వెంటీ’ అనే మాటలు ఇంకా వినబడతాయి. మూడు పోగులు, ఏడు పోగులు, ఒక్కొక్కటి 20 గేజీ అని అర్థం. 3/20 సుమారు 2 చదరపు మి.మీ., 7/20 సుమారు 4.6. కాబట్టి 3/20ని 2.5గా లెక్కవేసి 16 ఎంసీబీ పెట్టకండి. దానికి 10 చాలు. పాత తీగ అల్యూమినియం అయితే అదే మందానికి ఇంకా తక్కువ మోస్తుంది. దాన్ని తీసేసి రాగి వేయించడమే మేలు.

16 అని రాసి ఉంటే 16 దాటగానే పడిపోవాలి కదా? మా ఇంట్లో పడట్లేదు.

పడకపోవడం లోపం కాదు. ప్రమాణం ప్రకారం రాసిన అంకెకి 1.13 రెట్లు, అంటే 18 ఆంపియర్లు పారుతున్నా గంటసేపు నిలబడాలి. 1.45 రెట్లు, అంటే 23 ఆంపియర్లకి గంటలోపు పడాలి. షార్ట్ అయితే మాత్రం కళ్ళు మూసి తెరిచేలోపు పడుతుంది. ఆ పనికి లోపల వేరే అయస్కాంతపు చుట్ట ఉంటుంది. అది ఎన్ని రెట్లకి స్పందిస్తుందో చెప్పేవే బీ, సీ, డీ అక్షరాలు: బీ అయితే 3 నుంచి 5 రెట్లు, సీ 5 నుంచి 10, డీ 10 నుంచి 20. ఇంట్లో ప్లగ్గులకి, మోటారుకి, ఏసీకి సీ రకం సరిపోతుంది. లైట్లకి బీ చాలు. కానీ ఎల్ఈడీ బల్బులు చాలా ఉన్న హాల్లో అన్నీ ఒకేసారి వెలిగిస్తే బీ6 పడుతుంటుంది, అక్కడ సీ6 పెట్టండి. డీ రకం ఇంటికి అక్కర్లేదు. మోటారు కోసమని అంటగడితే వద్దనండి. ఎంసీబీ మీద చిన్న పెట్టెలో 6000 అని (అంటే 6 కేఏ, ఆరు వేల ఆంపియర్లు) రాసి ఉందో లేదో కూడా చూడండి. షార్ట్ అయినప్పుడు పగలకుండా తెంపగల శక్తి అది.

రెండు పడకగదుల ఇంటికి ఎన్ని లైన్లు వేయించాలి?

లైట్లు, ఫ్యాన్లు, చిన్న ప్లగ్గుల సర్క్యూటు ఒక్కొక్కదానికి 10 పాయింట్లు, 800 వాట్లు మించకూడదు. పెద్ద పవర్ ప్లగ్గులయితే ఒక సర్క్యూటుకి రెండే, 3000 వాట్లలోపు. ఈ రెండూ మన దేశపు వైరింగు ప్రమాణంలో ఉన్న హద్దులే. వాటితో లెక్కవేస్తే, హాలు, వంటిల్లు, రెండు గదులు, రెండు బాత్‌రూములు, మేడ మెట్లు ఉన్న ఇంటికి ఇలా వస్తుంది.

హాలు, పోర్టికో, మెట్ల లైట్లు, ఫ్యాన్లకి ఒకటి. రెండు గదుల లైట్లు, ఫ్యాన్లకి ఇంకొకటి. రెండూ 1.5 తీగ, 6 ఎంసీబీ. వంటింటి గట్టు మీద ప్లగ్గులకి రెండు లైన్లు, 2.5 తీగ, 16 ఎంసీబీ. ఫ్రిజ్‌కి విడిగా ఒకటి. వాషింగ్ మెషీన్‌కి ఒకటి. గీజరు ఒక్కొక్కదానికి ఒకటి. ఏసీ ఒక్కొక్కదానికి 4 తీగతో ఒకటి. మోటారుకి ఒకటి. హాలు, గదుల్లో పవర్ ప్లగ్గులకి ఒకటి. ఇన్వర్టరుకి ఒకటి. ఇప్పటికే పదమూడు అయ్యాయి. ఇవాళ ఒకే ఏసీ ఉన్నా రెండో గదికి పైపు, తీగ ఇప్పుడే లాగించండి. గోడ పూత అయ్యాక గాడి కొట్టాలంటే ఆ ఖర్చు అదనం.

ఇన్ని లైన్లకి ఎనిమిది ‘వేస్’ల చిన్న డీబీ చాలదు. వేస్ అంటే ఒక్కో ఎంసీబీ కూర్చునే చోట్లు. మెయిన్ డబుల్ పోల్‌కి రెండు, ఆర్సీసీబీలకి రెండేసి చోట్లు పోతాయి. ఇరవై రెండు చోట్లకి తక్కువ కాకుండా, రెండు వరుసల బాక్సు తీసుకుని రెండు మూడు ఖాళీ వదలండి. ఖాళీ చోట్లకి ప్లాస్టిక్ మూతలు తప్పనిసరి. బల్లులు ఆ సందుల్లోంచే దూరతాయి.

తీగ ఎంత కావాలో అంచనాకి: డీబీ నుంచి పైకి, స్లాబు మీదుగా, మళ్ళీ కిందికి ప్లగ్గు దాకా దారి కొలవండి. గీజరు దారి 14 మీటర్లయితే ఫేజు (కరెంటు వచ్చే తీగ), న్యూట్రల్ (అది తిరిగి వెళ్ళే తీగ) కలిపి 28 మీటర్లు, ఎర్తు 14 మీటర్లు, చివర్లకి రెండు మీటర్లు. ఇలా ఒక్కొక్క లైనూ కూడితే ఎన్ని 90 మీటర్ల కాయిల్స్ కావాలో తేలుతుంది. ఫేజుకి ఎరుపు, పసుపు, నీలం, న్యూట్రల్‌కి నలుపు, ఎర్తుకి పచ్చ. ‘నలుపు అయిపోయింది, మిగిలిన ఎరుపు వేసేశాం’ అని ఎవరైనా అంటే పని అక్కడే ఆపించండి. పదేళ్ళ తర్వాత బోర్డు విప్పే మనిషి ఆ రంగునే నమ్ముతాడు.

వంటింటికి రెండు లైన్లు ఎందుకు? ఒకటి చాలదా?

ఇండక్షన్ పొయ్యి 2000 వాట్లు, నీళ్ళు కాచే కెటిల్ 1500. రెండూ కలిస్తే 15 ఆంపియర్లు దాటింది. పొద్దున్న పచ్చడికి 750 వాట్ల మిక్సీ తిప్పితే 18.5. పైన చెప్పినట్టు 16 ఎంసీబీ దీనికి వెంటనే పడదు. గంటలకొద్దీ తీగ, ప్లగ్గు, స్విచ్చు వేడెక్కుతూనే ఉంటాయి. రోజూ ఇదే వరస అయితే ముందు మాడేది సాకెట్ లోపలి స్క్రూ దగ్గర. మాడిన బేకలైట్ వాసనో, గోధుమరంగు మచ్చో కనిపిస్తే అది మొదలైనట్టే. పొయ్యి ఉన్న వైపు ఒక లైను, మిక్సీ, కెటిల్ వైపు ఇంకొకటి ఇస్తే సమస్యే ఉండదు.

ఏసీకి ఏం వెయ్యాలి?

ఏసీ వెనకాల పట్టీ మీద ‘గరిష్ఠ కరెంటు’ అని ఉంటుంది. టన్నున్నరకి మామూలుగా 8 నుంచి 11 ఆంపియర్లు. 4 తీగ, సీ16 సరిపోతుంది. సీ20 పెట్టాలనుకుంటే 16 ఆంపియర్ల సాకెట్ వాడకండి. ఏసీ బాక్సు అని అమ్మే 20 లేదా 25 ఆంపియర్ల సెట్టే పెట్టండి. లేకపోతే ఎంసీబీకన్నా ముందు సాకెట్ కాలుతుంది. లైనుకి చివర్న ఉన్న ఊళ్ళలో సాయంత్రం వోల్టేజి 190కి దిగిపోతే ఇన్వర్టర్ ఏసీ అదే పని చెయ్యడానికి ఎక్కువ కరెంటు లాగుతుంది. 4 తీగ అనడానికి అదీ కారణం.

గీజరు?

2 కిలోవాట్లది 8.7 ఆంపియర్లు, 3 కిలోవాట్లది 13. రెంటికీ 2.5 తీగ, 16 ఎంసీబీ. దారి 15 మీటర్లు దాటితే 4 తీగ. స్విచ్చు బాత్‌రూము బయట ఉండాలి. బకెట్లో వేసే ఇనప రాడ్డు గురించి ఒక్క మాట: ఆర్సీసీబీ లేని ఇంట్లో అది వాడకండి.

మోటారు వేస్తే లైట్లు మసకబారుతున్నాయి, ఒక్కోసారి అది అసలు తిరగదు.

ఒక హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడు 7 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. మొదలయ్యే క్షణంలో దానికి అయిదు రెట్లు, 35. బావి పెరట్లో 40 మీటర్ల దూరంలో ఉంటే తీగ పొడవు రానూ పోనూ 80 మీటర్లు. 2.5 తీగలో ఆ 35 ఆంపియర్లకి 22 వోల్టులు దారిలోనే పోతాయి. 4 తీగలో 14 పోతాయి. లైనులో వచ్చేదే 195 ఉంటే 2.5 తీగతో మోటారుకి అందేది 173. తిరగడానికి ఆ బలం చాలదు. మూలుగుతూ నిలబడి 35 ఆంపియర్లు లాగుతూనే ఉంటుంది, వైండింగ్ కాలుతుంది.

అందుకని దూరం 25 మీటర్లు దాటితే 4 తీగ వేయండి. ఎంసీబీ 16 కాదు, సీ10 పెట్టండి. సీ10 అయస్కాంతపు చుట్ట 50 ఆంపియర్ల పైనే కదులుతుంది కాబట్టి మొదలయ్యే దెబ్బకి పడదు. ఆగిపోయిన మోటారుని మాత్రం 16 కన్నా ముందు పట్టేస్తుంది. అయినా మోటారుని కాపాడే అసలు పని స్టార్టర్ పెట్టెలోని ఓవర్‌లోడ్ రిలేది. దాన్ని మోటారు పట్టీ మీది ఆంపియర్లకి తిప్పి పెట్టించండి. చాలాచోట్ల అది కొన్ననాటి అంకె మీదే ఉండిపోతుంది. మాటిమాటికీ పడకుండా చివరిదాకా తిప్పేసినవీ ఉంటాయి.

ఎర్త్ గుంత బాగానే తీయించాం. ఇంకా ఆర్సీసీబీ ఎందుకు?

ఇది అన్నిటికన్నా ఎక్కువమంది అడిగే ప్రశ్న. జవాబు లెక్కలోనే ఉంది.

మీ ఎర్త్ 5 ఓమ్‌లు అనుకోండి. ఇంటికి అది మంచి అంకె. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ 3 ఓమ్‌లు. గీజరు లోపల ఫేజు తీగ రేకుకి తగిలింది. కరెంటు మీ గుంతలోంచి నేలలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తులోంచి పైకి ఎక్కాలి. 230ని 8తో భాగిస్తే సుమారు 29 ఆంపియర్లు. సీ16 ఎంసీబీ క్షణంలో పడాలంటే 80 నుంచి 160 కావాలి. 29కి అది వేడెక్కి, వేడెక్కి, నిమిషం పైన పడుతుంది. అంతసేపూ గీజరు ఒంటి మీద 29ని 5తో గుణిస్తే 145 వోల్టులు ఉంటాయి. తడి చేత్తో కుళాయి పట్టుకున్న మనిషికి అంతసేపు అక్కర్లేదు.

ఇది మంచి ఎర్తు సంగతి. ఉద్దానం వైపు ఇసక నేలలో, కళింగపట్నం నుంచి బారువ దాకా తీరం పొడుగునా, ఏప్రిల్, మే నెలల్లో గుంత ఎండిపోయి 40 ఓమ్‌లకి పోతే? అప్పుడు పారేది 5 ఆంపియర్ల చిల్లర. ఎంసీబీ ఎప్పటికీ పడదు. గీజరు ఒంటి మీద 214 వోల్టులు అలాగే ఉంటాయి, మీటరు మాత్రం తిరుగుతూ ఉంటుంది.

ఆర్సీసీబీ చూసేది వేరు. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతే తిరిగొచ్చిందా అని తూస్తుంది. 30 మిల్లీఆంపియర్లు తేడా వస్తే 0.3 సెకనులోపు, దానికి అయిదు రెట్లు తేడా వస్తే 0.04 సెకనులోపు తెంపుతుంది. 40 ఓమ్‌ల ఎర్తులో పారే 5 ఆంపియర్లు దాని కంటికి కొండంత. ఎర్తు అసలు తెగిపోయినా, మనిషి ఒంట్లోంచి నేలకి పారితే తూకం తప్పినట్టే, తెంపేస్తుంది. తెంపలేనిది ఒక్కటుంది: ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుని పొడి చెక్క మీద నిలబడ్డ మనిషి. అప్పుడు తూకం సరిగ్గానే ఉంటుంది.

కొనేటప్పుడు 30 మిల్లీఆంపియర్లదే అడగండి. 100, 300లవి నిప్పు నుంచి కాపాడేవి, మనిషిని కాదు. వాషింగ్ మెషీన్, ఇన్వర్టర్ ఏసీ ఉన్న లైన్లకి ‘ఏ’ రకం తీసుకోండి, ‘ఏసీ’ రకం వాటి లీకేజీని సరిగ్గా పట్టలేదు. ఇక్కడ ‘ఏసీ’ అంటే చల్లగాలి యంత్రం కాదు, డబ్బా మీద రాసే రకం పేరు. ఆర్సీసీబీ ఓవర్‌లోడ్‌కి తెంపదు కాబట్టి దానితో ఎంసీబీలు ఉండాల్సిందే. ఇల్లంతటికీ ఒకటే పెడితే బాత్‌రూములో తడికి ఇల్లంతా చీకటవుతుంది. అందుకే రెండు పెట్టి లైన్లు పంచండి. ఊరెళ్ళినప్పుడు ఫ్రిజ్ ఆగిపోకుండా దానికి మాత్రం ఆర్సీబీఓ, అంటే రెండు పనులూ ఒకే డబ్బాలో చేసేది, విడిగా పెట్టండి. మూడు నెలలకొకసారి ‘టెస్ట్’ మీట నొక్కండి. పడకపోతే అది గోడకి తగిలించిన బొమ్మే, మార్పించండి.

మా నేలలో ఎర్త్ గుంత ఎలా తీయించాలి?

మామూలు పద్ధతి: ఇంటి పునాదికి మీటరున్నర దూరంలో, 40 మి.మీ. జీఐ (జింకు పూత ఉన్న ఇనప) పైపు, రెండున్నర మీటర్ల పొడుగు, ఒంటినిండా బెజ్జాలు, చుట్టూ బొగ్గు, ఉప్పు, పైన నీళ్ళు పోయడానికి గరాటు, సిమెంటు మూత. బంకమట్టి, నల్లమట్టి నేలల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. నాగావళి, వంశధార పక్క పొలాల మధ్య ఇళ్ళకి ఇంతకన్నా అక్కర్లేదు.

సముద్రపు ఇసకలో కథ వేరు. ఉప్పు రెండు వానాకాలాలకే కొట్టుకుపోతుంది, పోయేలోపు జీఐ పైపుని తినేస్తుంది. అక్కడ రాగి పూత ఉన్న ఉక్కు రాడ్డు, మూడు మీటర్లది, చుట్టూ తేమ పట్టి ఉంచే బెంటొనైట్ మట్టి వాడండి. ఒకటి చాలకపోతే మూడు మీటర్ల దూరంలో ఇంకొకటి దింపి రెండూ కలపండి. పక్కపక్కనే దింపితే రెండోది దండగ. విజయనగరం మెట్ట వైపు మూడడుగులకే రాయి తగిలే చోట లోతుకి పోలేరు. అక్కడ అడ్డంగా పొడవైన కందకం తీసి జీఐ పట్టీ పరిచి మట్టి కప్పడం మేలు. బాత్‌రూము నీళ్ళు పోయే వైపు గుంత పెడితే ఎండాకాలంలోనూ తడి ఉంటుంది.

వందవాట్ల బల్బు ఫేజుకీ, ఎర్తుకీ మధ్య పెట్టి ‘చూశారా, వెలిగింది, ఎర్త్ బ్రహ్మాండం’ అని చూపించే అలవాటు ఉంది. ఆ బల్బు నిరోధం 529 ఓమ్‌లు. ఎర్త్ 40 ఓమ్‌లు ఉన్నా కరెంటు ఏడు శాతమే తగ్గుతుంది, కంటికి తేడా తెలీదు. ఎర్త్ టెస్టర్ పెట్టి, రెండు మేకులు దూరంగా పాతి కొలిస్తేనే నిజం తెలుస్తుంది. కొలిచేది మే నెలలో అయితే ఇంకా మంచిది.

మేస్త్రీ సాకెట్లోనే ఎర్తుని న్యూట్రల్‌కి కలిపేశాడు. గుంత ఖర్చు తప్పిందన్నాడు.

వెంటనే విప్పించండి. స్తంభం దగ్గరో, మీటరు దగ్గరో న్యూట్రల్ ఊడిన రోజు ఇంట్లో ఏదో ఒక బల్బు గుండా ఫేజు వచ్చి న్యూట్రల్ అంతా ఎక్కుతుంది. దానికి కలిపిన ఫ్రిజ్ తలుపు, గ్రైండర్ ఒళ్ళు, వాషింగ్ మెషీన్ రేకు అన్నింటికీ 230 వోల్టులు వస్తాయి. ఎంసీబీ పడదు. గాలివాన రోజున న్యూట్రల్ ఊడటం మన దగ్గర వింతేమీ కాదు.

వాన పడితే ఆర్సీసీబీ పడిపోతోంది. ఎక్కడుందో ఎలా పట్టాలి?

అన్ని ఎంసీబీలూ దించండి, ఆర్సీసీబీ ఎత్తండి. నిలబడితే ఒక్కొక్క ఎంసీబీ ఎత్తుతూ రండి, పడినచోట దోషం. ఆ లైనులో ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ ఎత్తండి. అప్పుడు నిలబడితే వస్తువుది తప్పు, నిలబడకపోతే తీగది.

ఎంసీబీలన్నీ దించినా ఆర్సీసీబీ నిలబడకపోతే చాలామంది అదే పాడైందని కొత్తది కొంటారు. తొందరపడకండి. ఇంటి ఎంసీబీలు ఫేజునే తెంపుతాయి, న్యూట్రల్ కలిసే ఉంటుంది. ఎక్కడో న్యూట్రల్ తీగ తడిగోడలో ఎర్తుకి తగిలితే అన్నీ దించినా పడుతూనే ఉంటుంది. మెయిన్ ఆపి, న్యూట్రల్ పట్టీ మీది తీగలు ఒక్కొక్కటే విప్పి వైర్‌మన్ పట్టాలి. ముందు చూడాల్సినవి: పోర్టికో బయటి లైటు, గేటు లైటు, మేడ మీద బల్బు, మోటారు తీగ అతుకు. పదిలో ఎనిమిదిసార్లు టేపు చుట్టి వదిలేసిన బయటి అతుకే దోషి.

వానతో సంబంధం లేకుండా మెట్ల లైటు వేస్తేనే పడితే అది లీకేజీ కాదు. రెండువైపుల స్విచ్చుకి ఫేజు కింది లైను నుంచి, న్యూట్రల్ పై లైను నుంచి తీసుకున్నారని అర్థం. ఏ లైను ఫేజుకి ఆ లైను న్యూట్రలే ఉండాలి.

ఇన్వర్టరు పెట్టాక ఆర్సీసీబీ నిలబడట్లేదు. తీసేయమంటున్నారు.

తీసేయకండి. ఇన్వర్టరు మీద నడిచే లైట్లు, ఫ్యాన్ల న్యూట్రల్ మామూలు లైన్ల న్యూట్రల్‌తో కలిసిపోయింది, అదే కారణం. డీబీలో ఇన్వర్టరు లైన్లకి విడి న్యూట్రల్ పట్టీ వేయించి, ఇన్వర్టరు బయటికొచ్చే చోట ఇంకో ఆర్సీసీబీ పెట్టించండి. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు మెయిన్ ఆర్సీసీబీకి ఆ లైన్ల సంగతే తెలీదు.

ఒక్కసారిగా బల్బులు ధగధగా వెలిగి టీవీ, ఫ్రిజ్ కాలిపోయాయి. ఎంసీబీ ఏం చేస్తోంది?

ఏమీ చెయ్యలేదు, వోల్టేజి దానికి తెలీదు. లైను న్యూట్రల్ తెగితే మూడు ఫేజుల ఇళ్ళ మధ్య తూకం తప్పి, తక్కువ వాడకం ఉన్న ఫేజులో 230 బదులు 350, 400 దాకా ఎక్కుతుంది. దీనికి డీబీలోనే హై, లో వోల్టేజి కటాఫ్ పెట్టించండి. 170 కిందా, 270 పైనా తెంపి, సర్దుకున్నాక మూడు నిమిషాలు ఆగి ఎత్తేలా పెట్టండి. ఆ ఆగడం ఫ్రిజ్, ఏసీ కంప్రెసర్ల కోసం. పిడుగుల కోసం టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ వేరే. దాని తీగలు అర మీటరు దాటకూడదు, ఎర్తు బాగుండాలి, లేకపోతే దండగ.

తీరం దగ్గర ఉప్పుగాలికి ఏం జాగ్రత్త?

ఇనుముకి తుప్పు, రాగికి చిలుము. చిలుము పట్టిన స్క్రూ కింద తీగ లూజవుతుంది, లూజైన చోట వేడి పుడుతుంది, వేడికి ఇంకా లూజవుతుంది. భోగాపురం, పూసపాటిరేగ, సోంపేట వైపు సముద్రానికి దగ్గరి ఇళ్ళలో ఇనప డీబీ బదులు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డీబీ తీసుకుని, సముద్రం వైపు కాని లోపలి గోడకి పెట్టండి. పోగుల తీగ చివరకి టిన్ పూత ఉన్న లగ్గు (తీగకి తొడిగే లోహపు గొట్టం) నొక్కించాకే స్క్రూ కింద పెట్టాలి. స్తంభం నుంచి మీటరుకి వచ్చే సర్వీసు తీగ అల్యూమినియం, లోపలిది రాగి. రెండూ నేరుగా మెలేసి టేపు చుడితే సంవత్సరంలో మాడుతుంది, రెండు లోహాలకి పనికొచ్చే కనెక్టరే వాడాలి. దసరా ముందు ఒకసారి, మెయిన్ ఆపి, వైర్‌మన్ చేత స్క్రూలన్నీ బిగింపించుకోండి.

తుపాను ముందు, తర్వాత ఏం చెయ్యాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చాక కరెంటు లేక ఊళ్ళకి ఊళ్ళు జనరేటర్ల మీద బతికాయి. జనరేటరు తీగని సాకెట్లో గుచ్చి ఇంటికి ఎక్కించడం అప్పుడు మామూలైపోయింది. ఆ కరెంటు మీటరు దాటి వెనక్కి పోయి ట్రాన్స్‌ఫార్మర్లో ఎక్కి 11 వేల వోల్టులుగా లైను మీదికి వస్తుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కి అది తెలీదు. జనరేటరు వాడాలనుకుంటే మీటరు తర్వాత చేంజోవర్ స్విచ్చు తప్పనిసరి. ఒకవైపు తిప్పితే లైను, ఇంకోవైపు తిప్పితే జనరేటరు, రెండూ కలవడానికి వీల్లేకుండా.

నీళ్ళు ఇంట్లోకి వస్తాయనిపిస్తే, పొడిగా ఉండగానే మెయిన్ దించండి. కాళ్ళు నీళ్ళలో పెట్టి డీబీ ముట్టుకోకండి. మునిగిన ఎంసీబీ, ఆర్సీసీబీ, సాకెట్ ఎండబెట్టి వాడేవి కావు, మార్చాల్సిందే. పైపుల్లోని తీగలు ఆరాక 500 వోల్టుల మెగ్గరుతో (తీగ తొడుగు ఎంత గట్టిగా కరెంటుని ఆపుతుందో కొలిచే పరికరం) కొలిపించి, ఒక మెగా ఓమ్ పైన ఉంటేనే కరెంటు ఎక్కించండి. తెగిపడిన తీగ కనిపిస్తే దూరంగా ఉండి 1912కి ఫోన్ చెయ్యండి.

దండెం తీగకీ వైరింగుకీ ఏం సంబంధం?

చాలా ఉంది. సర్వీసు తీగని మోసే జీఐ తీగకో, ఆ తీగ కట్టిన ఇనప గొట్టానికో బట్టల దండెం కట్టే ఇళ్ళు వీధికి రెండుంటాయి. సర్వీసు తొడుగు ఒరుసుకుపోయిన రోజు దండెమంతా కరెంటే. అది మీటరుకి ముందు ఉన్న తీగ కాబట్టి ఇంట్లో ఎన్ని ఆర్సీసీబీలున్నా ఏదీ పడదు. దండేనికి నైలాను తాడు కట్టండి, గొట్టానికి కాకుండా.

ఏసీలు పెరిగాయి, మీటరు లోడు పెంచుకోవాలా?

పెంచుకోవాలి. పట్టీల మీది వాట్లు కూడి, ఒకేసారి నడిచేవి ఎంతో చూసుకుని సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టండి. సింగిల్ ఫేజు చాలుతుందో, త్రీఫేజు కావాలో అక్కడ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) చెబుతారు. త్రీఫేజు వస్తే రెండు ఏసీలూ ఒకే ఫేజు మీద పడకుండా పంచమని వైర్‌మన్‌కి ముందే చెప్పండి.

పని పూర్తయింది. డబ్బులిచ్చే ముందు ఏం చూడాలి?

తీగ మీద, ఎంసీబీ మీద ఐఎస్ఐ గుర్తు పక్కన లైసెన్సు నంబరు ఉంటుంది, దాన్ని ఫోనులో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి కంపెనీ పేరు కలిసిందో లేదో చూడండి. ఒక్కొక్క ఎంసీబీ దించి ఏ గది ఆరిందో చూసి, దాని పక్కన తెలుగులో పేరు అంటించండి. ప్రతి సాకెట్లోనూ ఎర్తు తీగ నిజంగా ఉందో, పచ్చ తీగ లోపలే మడిచి వదిలేశారో రెండు మూడు బోర్డులు విప్పించి చూడండి. స్విచ్చు ఆపాక హోల్డరులో టెస్టరు వెలిగితే స్విచ్చు న్యూట్రల్‌కి పడిందని అర్థం, మార్పించండి. మెగ్గరు అంకె, ఎర్త్ అంకె, తేదీ ఒక కాగితం మీద రాయించి డీబీ తలుపు లోపలివైపు అంటించండి. పైపులు మూసేముందు గోడలకీ, స్లాబుకీ ఫోనులో ఫోటోలు తీసి పెట్టుకున్నవారికి రేపు టీవీకి మేకు కొట్టేటప్పుడు అవే పనికొస్తాయి.